మాచర్లలో కండువా కింద ఫిజిక్స్

ఎత్తిపోతల జలపాతం చూడాలని నాకు పదేళ్ళుగా కోరిక. గుంటూరులో పుట్టి, గుంటూరులోనే పద్దెనిమిదేళ్ళు డిగ్రీ పిల్లలకు బోటనీ చెప్పి, ఒక్క పూట ప్రయాణంలో ఉన్న జలపాతాన్ని చూడలేదంటే వినేవాళ్ళు నవ్వుతారు. ఇప్పుడు నేను పిల్లలకు పాఠాలు చెప్పడం మానేసి, పాఠాలు చెప్పేవాళ్ళకు పాఠం చెబుతున్నాను. దాన్ని యాక్టివ్ లెర్నింగ్ అంటారు. బ్రహ్మవిద్యేమీ కాదు. మాస్టారు గంటసేపు నోట్స్ చెబుతుంటే పిల్లలు తలవంచుకుని రాసుకోవడం కాకుండా, వాళ్ళను ఆలోచించనిచ్చి, వాదించుకోనిచ్చి, తప్పు చెప్పనిచ్చి, ఆ తప్పు దగ్గర నుంచే పాఠం మొదలుపెట్టడం. మాచర్ల పక్కన ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేసి, "మా లెక్చరర్లకు ఒక్కరోజు ట్రైనింగ్ ఇవ్వండి మేడం" అనగానే నేను ఎంతమంది, ఏ సబ్జెక్టులు అని అడగలేదు. అక్కడి నుంచి ఎత్తిపోతల ఎంత దూరమని అడిగాను. "ఎంతో లేదు మేడం, ఆటోలో అరగంట" అన్నారు. వెంటనే ఒప్పేసుకున్నాను.

మార్చి మొదటివారం. పొద్దున ఐదుంబావుకు గుంటూరు బస్టాండులో మాచర్ల ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. రైలు కూడా ఉంది గానీ దాని వేళలు నా వేళలకు కుదరలేదు. ఆడవాళ్ళకు ఆధార్ కార్డు చూపిస్తే సున్నా టికెట్. మగవాళ్ళు రెండొందలు దగ్గర పెట్టుకుంటే సరిపోతుంది. సత్తెనపల్లి దాటేసరికి తెల్లవారింది. ఏడింటికి పిడుగురాళ్ళలో పది నిమిషాలు ఆపారు. సున్నపు బట్టీల ఊరు కదా, బస్టాండులో కుక్క కూడా పౌడరు రాసుకున్నట్టు తెల్లగా ఉంది. పది రూపాయల టీ బాగుంది. అక్కడి నుంచి గురజాల దాకా రోడ్డు పక్క కల్లాల్లో ఎర్రగా మిర్చి ఆరబోసి ఉంటుంది. కిటికీ తీస్తే తుమ్ములు, మూస్తే ఉక్క. నేను తీసి తుమ్ముతూ కూర్చున్నాను. రెంటచింతలలో ఎక్కిన పెద్దాయన నా పక్క సీట్లో ఉన్న సంచీని చూసి, "ఏందమ్మా ఇంత బరువు, చీరలమ్ముతావా?" అని అడిగాడు. అందులో రంగు కార్డులు, చార్టులు, స్కెచ్ పెన్నులు ఉన్నాయని, మాస్టార్లకు ట్రైనింగ్ ఇవ్వడానికి వెళుతున్నానని గర్వంగా చెప్పాను. ఆయన సంచీని ఇంకోసారి చూసి, "మాస్టార్లకేందమ్మా ట్రైనింగు, ఎండలకి ఇయ్యాల గానీ. మే నెల వచ్చిందంటే ఎంతుందని అందరూ మా ఊరికే ఫోను చేస్తారు" అన్నాడు.

తొమ్మిదింటికి మాచర్లలో దిగాను. ప్రిన్సిపాల్ గారు నా కోసం పంపిన లెక్చరరు బస్టాండు బయట పాత బైకు మీద ఉన్నారు. పేరు కోటేశ్వరరావు. ఫిజిక్స్ చెబుతారు. యాభై దాటిన మనిషి, ఎండకు నెత్తిన కప్పుకోవడానికి భుజాన తెల్ల కండువా. ముందు టిఫిను చేద్దామని ఎదురుగా ఉన్న హోటలుకు తీసుకెళ్ళారు. ప్లేటు ఇడ్లీ ముప్పై రూపాయలు. అల్లం పచ్చడి కాస్త కారం తక్కువగా ఉన్నది వేయమన్నాను. వడ్డించేవాడు గరిటె గాల్లో ఆపి, "కారం తీసేస్తే అది పచ్చడెట్టా అయిద్దమ్మా, పాయసం అయిద్దిగానీ" అని రెండు గరిటెలు వేశాడు.

నేను నీళ్ళు తాగుతూ కళ్ళు తుడుచుకుంటున్నప్పుడు కోటేశ్వరరావు గారు అసలు సంగతి చెప్పారు. "మేడం, మీ ట్రైనింగు మిగతావోళ్ళకి ఎట్టాగో గానీ, నాకు మాత్రం ఇయ్యాలే పరీక్ష. మధ్యాన్నం రెండున్నరకి నా క్లాసు చూట్టానికి కరస్పాండెంట్ గారు వస్తన్నారు. కాలేజీ పెట్టింది ఆయనే. నా క్లాసులో పిల్లలు నిద్రపోతన్నారని ఆయనకి చెప్పారు. నిజమే మేడం, పోతన్నారు. ఇరవై ఏళ్ళుగా అవే నోట్సు చెప్తన్నా, నాకే నిద్రొస్తది. ఇయ్యాల కూడా అట్టాగే ఉంటే సోమవారం నించి నా క్లాసులో తెర మీద వీడియో పాఠం ఏస్తారంట. నన్ను వ్యానెక్కించి అడ్మిషన్లకి పంపుతారంట."

తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. ఇటు ప్రైవేటు కాలేజీల్లో ఎండాకాలం వస్తే లెక్చరర్లు ఊరూరా తిరిగి, ఇంటర్ అయిపోయిన పిల్లల ఇళ్ళకు వెళ్ళి, మా కాలేజీలో చేర్పించండని బతిమాలుతారు. అది మామూలే. "రెండు నెల్లయితే అందరం తిరుగుతాం మేడం. ఏడాది పొడుగునా అంటే ఇంక నేను మాస్టర్ని కాదుగా" అన్నారాయన. చేతిలో ఇడ్లీ ముక్క అలాగే ఉంది. నాకు గాభరా పుట్టింది. జలపాతం చూద్దామని బయలుదేరిన దాని మీద ఒక మనిషి ఉద్యోగం వచ్చి పడింది.

పదింబావుకు ట్రైనింగ్ మొదలైంది. పన్నెండు మంది లెక్చరర్లు, ముందు వరసలో ప్రిన్సిపాల్ గారు. సిగ్గు విడిచి ఒప్పుకుంటున్నాను, పిల్లల్ని మాట్లాడనివ్వాలని వాళ్ళకు చెప్పడానికి నేనొక్కదాన్నే గంటసేపు ఆగకుండా మాట్లాడాను. ఆ తర్వాత బోర్డు మీద ఒక ప్రశ్న రాశాను. తలుపులూ కిటికీలూ మూసేసిన గదిలో ఫ్రిజ్ తలుపు తెరిచి వదిలేస్తే కొన్ని గంటల తర్వాత గది ఏమవుతుంది? ఒకటి, చల్లబడుతుంది. రెండు, ఏమీ మారదు. మూడు, వేడెక్కుతుంది. ఎవరి జవాబు వాళ్ళు సొంతంగా ఆలోచించుకుని చేతులెత్తాలని గట్టిగా చెప్పాను. "ఒకటి అనేవాళ్ళు?" అన్నానో లేదో ప్రిన్సిపాల్ గారి చెయ్యి లేచింది. మరుక్షణం వెనక పన్నెండు చేతులూ లేచాయి. నేను బోర్డు మీద పదమూడు అని రాస్తున్నాను. అప్పుడు ప్రిన్సిపాల్ గారు ఎత్తిన చెయ్యిని గుమ్మంలో ఉన్న అటెండరు వైపు ఊపి, "ఏందయ్యా, టీ ఎంతసేపు?" అన్నారు. ఆయన ఇంకా ప్రశ్న చదవనే లేదట.

నాకు ఒళ్ళు మండింది. టీ విరామంలో కోటేశ్వరరావు గారిని పక్కకు పిలిచి, "మాస్టారూ, మీరు ఫిజిక్స్ కదా, మీకు సరైన జవాబు తెలుసు కదా?" అని నిలదీశాను. "తెలుసు మేడం. మూడు. ఫ్రిజ్ లోపలి వేడిని తీసి వెనక నించి గదిలోకే ఒదులుద్ది, పైగా దాన్ని నడిపే కరెంటు కూడా వేడే అయిద్ది" అన్నారు తడుముకోకుండా. మరి ఒకటికి చెయ్యెందుకు ఎత్తారంటే ఆయన నన్ను జాలిగా చూశారు. "మా ఊళ్ళో ఎవరి తాత ఎవరికి చెయ్యెత్తాడో మనవళ్ళు కూడా గుర్తు పెట్టుకుంటారు మేడం. ముందు పెద్దోళ్ళ చెయ్యి చూసుకుని, ఆ తర్వాతే మన చెయ్యి. పిల్లలూ అంతే. ముందు బెంచీలో సర్పంచి గారబ్బాయి ఉన్నాడు. వాడు ఎటెత్తితే క్లాసంతా అటే." ఉలిపికట్టెలా ఒక్కడైనా వేరే దారి పట్టడని నాకు అర్థమైంది. చేతులు ఎత్తించడం ఇక్కడ పనికిరాదు.

ఒంటిగంటకు హాస్టలు మెస్సులో భోజనం. దోసకాయ పప్పు, గోంగూర, గడ్డపెరుగు. తింటూనే మధ్యాహ్నం క్లాసుకు అదే ఫ్రిజ్ ప్రశ్న అనుకున్నాం. చేతులు వద్దు, కార్డులు ఎత్తిద్దామని నేను సంచీ తెరిచాను. రెండు రాత్రులు కూర్చుని కత్తిరించిన కార్డులు, జవాబుకో రంగు. పసుపు, నీలం, ఎరుపు. కోటేశ్వరరావు గారు అటూ ఇటూ చూసి గబుక్కున సంచీ మూసేశారు. "మేడం, వీటిని ఎవరన్నా చూశారా? పసుపు ఎత్తమంటే సగంమంది ఎత్తరు. నీలం ఎత్తమంటే మిగతా సగం ఎత్తరు. ఫ్రిజ్ సంగతి దేవుడెరుగు, సాయంత్రానికి వాళ్ళ నాన్నలు వచ్చి కూర్చుంటారు." నేను పట్టు వదలకుండా ఎర్ర కార్డు సంగతేమిటన్నాను. "అది ఎత్తేవోళ్ళు ఇద్దరే మిగిలారు మేడం. ఇద్దరూ రిటైరయ్యారు" అన్నారు.

ఆఖరి అస్త్రంగా నా ఫోను తీశాను. పిల్లలు ఫోన్లలో జవాబు నొక్కితే ఎవరేం నొక్కారో ఎవరికీ కనపడకుండా లెక్క తేలే ఏర్పాటు ఉంది. ఆయన తల అడ్డంగా ఊపి కిటికీలోంచి గేటు వైపు చూపించారు. వాచ్‌మన్ కుర్చీ పక్కన మూతి కట్టిన యూరియా సంచి ఉంది. కాలేజీ పిల్లల ఫోన్లన్నీ పొద్దున్నే అందులోకి వెళతాయట, సాయంత్రం దాకా రావట. సంచిలోంచి ఏదో ఫోను అదే పనిగా మోగుతోంది. అప్పటికి ఒంటిగంటన్నర. నా దగ్గర ఇంకేమీ లేదు. ఇంత బరువు సంచీ మోసుకొచ్చి ఆ మనిషికి ఒక్క దారి చూపించలేకపోయానని ఏడుపొచ్చినంత పనైంది.

ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి, కండువాతో తుడుచుకుంటూ తుడుచుకుంటూ ఆగిపోయారు. "మేడం, మా నాన్న పశువుల సంతలో దళారీ" అన్నారు. నాకు అర్థం కాలేదు. ఆయన ఎదురుగా కూర్చుని వివరించారు. సంతలో ఎద్దుల బేరం నోటితో ఆడరట. చుట్టూ పదిమంది ఉంటారు, ఒకరి మాట విని ఇంకొకరు ధర మార్చేస్తారు. అందుకని దళారీ చేతి మీద కండువా కప్పుకుంటాడు. అమ్మేవాడు, కొనేవాడు ఒకరి తర్వాత ఒకరు ఆ కండువా కింద చెయ్యి పెట్టి అతని వేళ్ళు పట్టుకుంటారు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత ధర. ఎవరెంత అన్నారో దళారీకి ఒక్కడికే తెలుసు. "ఒక వేలు పట్టుకుంటే చల్లబడుద్ది, రెండయితే మారదు, మూడయితే వేడెక్కుద్ది. సర్పంచి గారబ్బాయి ఏం చెప్పాడో పక్కోడికి తెలవదుగా" అన్నారు. నేను బల్ల మీద ఒక్క చరుపు చరిచాను. మజ్జిగ గ్లాసు ఒలికింది.

అంతలోనే ఇంకో చిక్కు కనపడింది. క్లాసులో సగంమంది ఆడపిల్లలు. ఈయన వాళ్ళ చేతులు పట్టుకుంటే వీడియో పాఠం దాకా ఆగరు, ఆ రోజే ఇంటికి పంపుతారు. "ఆడపిల్లల వైపు దళారీ మీరే మేడం" అన్నారు. నాకు రాదన్నాను. మెస్సులో వంటచేసే ఆదెమ్మ గారు గిన్నెలు తీస్తూ అంతా వింటున్నారు. "ఇదేమన్నా పెద్ద ఇద్దెనా? మా మామ బర్రెను అమ్మేటప్పుడు నేను పక్కనే ఉన్నాగా" అని చెయ్యి తుడుచుకుని వచ్చి, నా కుడిచేతి మీద నా కొంగే కప్పి, కింద నా రెండు వేళ్ళు ఒడిసి పట్టుకున్నారు. "మొకం చూడమాక తల్లీ. మొకంలో తెలిసిపోద్ది. ఎటో చూస్తా వేళ్ళు లెక్కబెట్టుకో" అన్నారు. ఆ రోజు మొత్తం మీద అందరికన్నా బాగా ట్రైనింగ్ ఇచ్చింది ఆవిడే.

రెండున్నరకు కరస్పాండెంట్ గారు వచ్చారు. అరవై దాటిన భారీ రైతు మనిషి, తెల్ల పంచె, గట్టి గొంతు. కుర్చీ వెనక వేయిస్తే ఒప్పుకోలేదు, సరిగ్గా క్లాసు మధ్యలో వేయించుకుని కూర్చున్నారు. నలభై మంది పిల్లలు బెంచీల్లో నిటారుగా సర్దుకున్నారు. కోటేశ్వరరావు గారు నోట్సు తెరిచి, మళ్ళీ మూసేసి, ఫ్రిజ్ ప్రశ్న చెప్పారు. కరస్పాండెంట్ గారు వెంటనే, "ఇందులో అడిగేదేముంది, మా ఇంట్లో నేను..." అని అందుకోబోయారు. ఆయన నోరు విప్పితే నలభై మంది జవాబూ అదే అవుతుంది. "సార్! నోటితో కాదండీ. చెయ్యి కండువా కింద పెట్టండి" అన్నారు కోటేశ్వరరావు గారు. అంత గట్టిగా అన్నందుకు ఆయనే భయపడ్డారు. కరస్పాండెంట్ గారు ఒక్క క్షణం కండువా వంక చూశారు. తర్వాత మొహమంతా విప్పారింది. ఎన్ని జతల ఎద్దులు కొన్న మనిషో, చొక్కా చెయ్యి పైకి లాక్కుని, ఎటో చూస్తూ, కండువా కిందకు చెయ్యి పోనిచ్చారు.

తర్వాత మగపిల్లల వైపు కోటేశ్వరరావు గారు, ఆడపిల్లల వైపు నేను. పిల్లలు మొదట కిసుక్కుమన్నారు గానీ, తమ వంతు వచ్చేసరికి అందరి మొహాలూ సంతలో పెద్దమనుషుల మొహాల్లా అయిపోయాయి. ఆయన లెక్క మనసులోనే పెట్టుకున్నారు. నేను పదకొండో అమ్మాయి దగ్గర లెక్క తప్పి మళ్ళీ మొదటి నుంచి వచ్చాను. బోర్డు మీద అంకెలు వేస్తే ఎక్కువమంది ఒకటి అన్నారు, కొద్దిమంది రెండు, ఇంకొద్దిమంది మూడు. సర్పంచి గారబ్బాయి అటూ ఇటూ చూస్తున్నాడు, ఎవరు తనతో ఉన్నారో తెలియక. "ఇప్పుడు పక్కనున్నోళ్ళకి మీ జవాబు ఎందుకు కరెక్టో చెప్పి ఒప్పించండి. ఐదు నిమిషాలు" అన్నారు మాస్టారు. క్లాసు గోలగోల అయింది. నిద్రపోయేవాడు ఒక్కడు లేడు.

కరస్పాండెంట్ గారికి జోడీ లేదు. చివరి బెంచీలో ఒంటరిగా ఉన్న నాగమణి అనే అమ్మాయిని మాస్టారు ఆయన పక్కన కూర్చోబెట్టారు. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. "మే నెలలో ఫ్రిజ్ తలుపు తీసి దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నోణ్ణి నేను. హాయిగా ఉంటది. నాకు చెప్తావా?" అన్నారు. ఆ పిల్ల నేల చూపులు చూస్తూనే, "ముందు కూర్చుంటే హాయిగానే ఉంటది సార్. ఎనకమాల ఎప్పుడన్నా కూర్చున్నారా?" అంది. చుట్టుపక్కల గోల ఆగిపోయింది. "చలికాలం మా అమ్మ గడ్డకట్టిన కొబ్బరినూనె సీసా ఫ్రిజ్ ఎనక పెడతది సార్. కాసేపటికి కరిగిపోద్ది. లోపలి వేడే అటు వస్తది. గది తలుపులేసి ఉంటే అది ఎటు పోద్ది సార్, గదిలోనేగా ఉండేది? కరెంటు కాలిన వేడి కూడా అందులోనే కలుసుద్దిగా."

రెండోసారి కండువా తిరిగింది. ఈసారి బోర్డు మీద మూడు పక్కన అంకె పెద్దదైంది. అప్పుడు కోటేశ్వరరావు గారు చెప్పిన పాఠం పదిహేను నిమిషాలే, నోట్సు చూడకుండా. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. లేచింది కరస్పాండెంట్ గారు. క్లాసు వైపు తిరిగి, "నేను మొదట్నించీ మూడే అన్నా. అవునా కోటేశ్వరరావూ?" అన్నారు.

క్లాసు మొత్తం మాస్టారి వైపు చూసింది. మొదటిసారి ఆ చెయ్యి ఎన్ని వేళ్ళు పట్టుకుందో ఆ ఒక్క మనిషికే తెలుసు. అవునంటే పిల్లల ముందు అబద్ధం. కాదంటే సోమవారం వ్యాను. ఎలాగోలా అవునని చెప్పి బయటపడితే బాగుండునని నేను మనసులో మొక్కుకున్నాను. కోటేశ్వరరావు గారు కండువా మడిచి భుజాన వేసుకున్నారు. "ఎవరెంత చెప్పారో దళారీ బయటపెట్టడు సార్. పెడితే రేపు ఎవరూ కండువా కింద చెయ్యి పెట్టరు" అన్నారు.

కరస్పాండెంట్ గారు చొక్కా చెయ్యి కిందకు లాక్కున్నారు. తర్వాత, "సోమవారం నీ క్లాసు ఎన్నింటికి?" అని అడిగారు. మాస్టారు నోరు తెరిచేలోపు పిల్లలే, "పదిన్నరకి సార్!" అని అరిచారు. "సరే, నేనూ వస్తా. కుర్చీ ఆ పిల్ల పక్కనే ఏపించు" అని ఆయన బయటకు నడిచారు. కోటేశ్వరరావు గారు బోర్డు వైపు తిరిగి, తుడవాల్సిన దానికన్నా ఎక్కువసేపు తుడిచారు.

అన్నీ ముగించుకుని మాచర్ల బస్టాండుకు వచ్చేసరికి ఆరయింది. ఆటోవాడు ఎత్తిపోతలకు వెళ్ళి రావడానికి ఆరొందలు అడిగి, "పొద్దు గూకేలోపు చూడలేరమ్మా, తిరిగొచ్చేటప్పటికి మీ బస్సు ఎల్లిపోద్ది" అని తనే నిజం చెప్పాడు. గుంటూరు బస్సెక్కాను. ఆశ్చర్యంగా, దిగులేమీ అనిపించలేదు.

ఆ నాలుగు గంటలూ నేను జలపాతం గురించి ఆలోచించలేదు. నా కొంగు కింద జరిగిన ఒక సంగతి మీకు ఇంతవరకూ చెప్పలేదు. మొదటిసారి ఒక అమ్మాయి ఒకటీ, రెండూ, మూడూ ఏదీ పట్టుకోలేదు. పిడికిలి బిగించి నా అరచేతిలో పెట్టింది. ఏమిటన్నట్టు కళ్ళెగరేస్తే, పెదవులు కదిలీ కదలకుండా, "తెలవదు మేడం" అంది. పద్దెనిమిదేళ్ళు పాఠాలు చెప్పాను. "అర్థమైందా?" అని అడిగిన ప్రతిసారీ "అర్థమైంది మేడం" అనే విన్నాను, అది నా గొప్పతనమనే అనుకున్నాను. తనకు తెలియదని నాతో ధైర్యంగా చెప్పిన మొదటి చెయ్యి అది. ఎంతమంది పిడికిళ్ళు నేను చూడకుండా వచ్చానోనని బస్సులో నిజంగా సిగ్గుపడ్డాను. రెండోసారి అదే చెయ్యి వచ్చి మూడు వేళ్ళూ గట్టిగా పట్టుకుంది. కాబట్టి క్లాసులో ఈ కండువా పద్ధతి పెట్టాలనుకునేవాళ్ళకు నా సలహా ఒక్కటే. ఏ వేలికి ఏ జవాబో చెప్పేటప్పుడే, పిడికిలి అంటే తెలియదని కూడా ముందే చెప్పేయండి, ఎన్ని పిడికిళ్ళు వచ్చాయో అన్నిటికన్నా పైన రాయండి, పాఠం అక్కడి నుంచి మొదలుపెట్టండి.